నీటి మీద నైరుతి

మాది వడ్లోళ్ళ ఇల్లు, చెక్కపనే మా బతుకు. చెన్నూరు చుట్టుపక్కల మా అన్న కట్టిన ఇండ్లకు లెక్క లేదు. బిగించిన చెక్కను మళ్ళీ ఊడదీయాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. అదే ఆయన పరువు, అదే ఆయన ఆస్తి. బాపు పోయాక నన్ను పెంచిందీ, చేతికి ఉలి ఇచ్చిందీ ఆయనే. ముప్పై ఏండ్లు నిండి, పిల్లల తండ్రినయ్యాక కూడా నేను ఆయన మాటకు ఎదురు చెప్పి ఎరగను. అది భక్తి అని ఊళ్ళో మెచ్చుకునేవారు. నేనూ అట్లాగే అనుకున్నాను.

పోలీసు చర్య అయిన కొన్నేండ్లకు అడవి కట్టెను గుత్తకు పట్టే మా ఊరి ఠేకేదారు పటేల్‌కు ఒక పిచ్చి పట్టింది. బొంబాయిలో సముద్రం మీద తిరిగే మోటారు పడవ చూశాడట. అందులో పడక గదులు, వంటిల్లు, స్నానాల గది కూడా ఉన్నాయట. అట్లాంటిదే గోదావరి ఒడ్డున కట్టించి, నది వెంబడి సముద్రం దాకా పోతానన్నాడు. టేకు ఆయనది, కూలి ఆయనది, పిచ్చీ ఆయనదే. మనకేం పోయింది అనుకున్నాం.

దిగువ నుంచి వచ్చిన పడవ పనివాళ్ళు చలికాలమంతా ఉండి గదులేవీ లేని ఒట్టి డొక్క, పడవ గుల్ల మాత్రం కట్టారు. చెక్కల సందుల్లో జనుము, గుగ్గిలం కూరి వెళ్ళిపోయారు. ముక్కు తూర్పుకు పెట్టి అది దుంగల మీద కూర్చుంది. లోపలి గదులు మా వంతు. పటేల్ బొంబాయి నుంచి గదులన్నీ గీసిన నక్ష ఒకటి తెప్పించి ఇచ్చాడు. అన్నకు చదువు రాదు. పటేల్ గుమాస్తా దగ్గర కూర్చొని దాని గుర్తులన్నీ తెలుసుకొని నేనే ఆయనకు విప్పి చెప్పాను.

"నీళ్ళ ట్యాంకు నట్టనడుమ, నేల కింద అన్నా," అన్నాను.

"నట్టనడుమ బరువు పెడ్తరార ఎవరన్నా? అది బ్రహ్మస్థానం, ఖాళీగ ఉండాలె," అన్నాడు. "పొయ్యి ఆగ్నేయంల, బరువు నైరుతిల. మనుషులు పండుకునే జాగకు ఇంకో శాస్త్రం ఉంటదా?"

తూర్పుకు తిరిగి ఉన్న పడవకు ఆ రెండు మూలలూ కుడి పక్కనే వస్తాయి. బరువు రెండు పక్కలా సమానంగా ఉండాలని నక్ష మీద రాసి ఉందని గుమాస్తా నాకు చెప్పాడు. అసలు చెప్పక్కర్లేదు. రేవు పడవలో జనమంతా ఒకే పక్కన కూర్చుంటే పడవవాడు ఎట్లా తిడతాడో నేను చూసిందే, అన్న చూసిందే. కానీ నెలల తరబడి ఒడ్డున కదలకుండా ఉన్న ఆ డొక్క ఆయన కంటికి ఇల్లయిపోయింది. ఆ సంగతి ఎత్తకుండానే ట్యాంకును ఆయన చూపిన నైరుతి మూలకు చేర్చాను.

లోపలి పని మాత్రం చూసి తీరాల్సిందే. మంచాల కింద అన్న సొరుగులు పెట్టాడు. తలుపులు గోడలోకి జరిగిపోయేవి. గిన్నెలు జారకుండా అల్మారాలకు అంచు పట్టీలు కొట్టాడు. వంటింటికి షాబాద్ బండలు పరిచాడు. ఇంజన్ ఒక్కటి మిస్త్రీ వచ్చి వెనక నడుమ బిగిస్తే, ఆ బరువు నైరుతికి రాలేదని అన్న రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. చెట్లు కొట్టించే కూపుల మీద అడవిలో ఉండే పటేల్ ఎప్పుడన్నా వచ్చి, నున్నటి చెక్క మీద చెయ్యి రాసి పోయేవాడు.

తొలి వరద రాగానే ట్యాంకు నింపి, కొబ్బరికాయ కొట్టి పడవను నీళ్ళలోకి దింపారు. ఊరంతా ఒడ్డున ఉంది. పడవ తేలింది. తేలి, మెల్లగా కుడి పక్కకు ఒరిగింది. వంటింటి కిటికీలోంచి నీళ్ళు లోపలికి పోయాయి. వెనక ఎవరో నవ్వారు.

"ఏందిది ఉస్తాద్?" అన్నాడు పటేల్.

ఆయన చూపు అన్న మీద ఉంది. నేను ముందుకు పోయాను. "తప్పు నాది పటేలా. నక్ష నేనే తప్పు చదివిన."

అన్న నా భుజం పట్టి పక్కకు జరిపాడు. "లేదు పటేలా. మా తమ్ముడు మంచిగనే చదివిండు. నేనే ఇనలే."

నాలుగు రోజులు పట్టింది, బండలు పెకిలించి, ట్యాంకు నడుమకు మార్చడానికి. బిగించిన చెక్కలన్నీ అన్న తన చేతులతోనే ఊడదీశాడు. ఒక్క పలకను కూడా నన్ను ముట్టనివ్వలేదు. పడవ నిటారుగా నిలబడింది. అది ఎంత దూరం పోయిందో నేను కనుక్కోలేదు.

ఆ నాలుగో రోజు ఇంటికి వస్తుంటే దారిలో అన్న ఆగాడు. "పడవ ఒరుగుతదని నీకు ముందే ఎర్కనా?"

తలూపాను.

"మరి ఎందుకు చెప్పలే?"

"నువ్వు కోపం చేస్తవని."

నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేదనిపించింది.

"గింతగనం భయపెట్టిన్నా రా నేను నిన్ను?" అన్నాడు.