కిరాయి పోర్షన్‌కు పాత ఫ్యూజు బోర్డు

ఇరవై ఏళ్లుగా మిర్యాలగూడలో కరెంటు పని చేస్తున్నాను. ఓ ఇంటాయన సామాను ఆయన కళ్ల ముందే పగలగొట్టడం మాత్రం ఈ రోజే మొదలు.

పాత ఇల్లు. పైన ఓనరు, రిటైరైన సారు. కింద కిరాయికి ముగ్గురు పిల్లలున్న కుటుంబం. రెండు పోర్షన్లకూ కలిపి ఒకటే చెక్క బోర్డు. ఫ్యూజు పీకి చూస్తే, సన్న తీగ ఉండాల్సిన చోట మెలేసిన లావు రాగి తీగ ఉంది. లోడు ఎక్కువైతే అది తెగదు, గోడలోని వైర్లే అంటుకుంటాయి. చెక్క అప్పటికే నల్లగా మాడింది. సారు చెప్పినట్టే దాన్ని తీసేసి, పైన కొత్త ఎంసీబీ డబ్బా బిగించాను; లోడు ఎక్కువైతే దాని స్విచ్చు తనంతట తానే పడిపోతుంది.

అప్పుడు సారు అన్నారు: "గా పాతదాన్ని కిందోళ్లకు బిగియ్యి. వాళ్లకేమున్నయి, రెండు ఫ్యాన్లేనాయె."

"మరి మీకెందుకు వద్దన్నరు సార్?"

"ఎప్పుడు అంటుకుంటదోనని నాకు నిద్ర పడ్తలేదయ్యా."

కింది పిల్లలు అక్కడే మెట్ల మీద హోంవర్క్ రాసుకుంటున్నారు. సుత్తి తీసి ఆ పింగాణీ ఫ్యూజులను ఒక్కటి కూడా మిగల్చకుండా పగలగొట్టాను. వాళ్లకూ ఓ కొత్త డబ్బా వచ్చేదాకా కింది లైనుకు పై డబ్బాలోనే వేరే ఎంసీబీ ఇచ్చి వచ్చాను.

ఇందాక సారు ఫోన్ చేశారు. "మంచి బోర్డును నాశనం జేసినవ్, కేసు పెడ్త."

పెట్టమన్నాను. నాది తప్పా ఒప్పా మీరే చెప్పండి. కానీ ఆ 'మంచి బోర్డు' మీ పిల్లలు పడుకునే గదిలో ఉందనుకొని చెప్పండి.