పర్మిట్ అయిపోయిన లెక్కల సారు

మా లెక్కల సారును నేను క్షమించలేదు. ఏడో తరగతిలో అందరి ముందు, "నీ బుర్రకు సాంచెలే దిక్కురా" అన్నాడు. ఆ సారే ఇప్పుడు పద్మనగర్‌లో, పొద్దస్తమానం మరమగ్గాలు దడదడలాడే నా సాంచెల కార్ఖానా పైగదిలో ఉంటున్నాడు. మాల్దీవుల్లో బడిపంతులుగా ఆయన పనిచేసే పర్మిట్ గడువు, అక్కడి పదో తరగతి పిల్లల పరీక్షకు వారం ముందే తీరిపోయింది. ఒక్కరోజు కూడా ఎక్కువ ఉండనివ్వలేదట.

వచ్చిన రోజు నుంచీ ఆ పిల్లలకు ఫోన్లోనే పాఠం. ఎదుట నల్లబల్ల ఉన్నట్టే, మాటకోసారి వేలి మెటికతో గోడను కొడతాడు.

రేపు పరీక్షనగా, సాయంత్రం మెట్ల మీదికొచ్చాడు. గొంతు బొంగురుపోయింది. "నా మాట ఇనవడ్తలేదంటున్నర్రా పోరగాండ్లు!"

"సాంచెలు బంద్ వెట్టుమని అడగొచ్చు గద సార్?"

"ఎట్ల అడగాల్రా? అది నీ బతుకుదెరువు."

పరుగెత్తి మెయిన్ స్విచ్ దించాను. ఎనిమిది సాంచెలూ ఒక్కసారిగా ఆగాయి. "లైట్ పోయిందా సేఠ్?" అన్నారు పనివాళ్లు.

"పోలే. సారు పాఠం చెప్తుండు."

నేను మెట్ల దగ్గరికొచ్చేసరికి పైన మెటిక చప్పుడు. మరుక్షణం సముద్రం అవతలి నుంచి తరగతి మొత్తం ఒకేసారి జవాబు అరిచింది. నేను మెట్ల మీదే ఎగిరి చప్పట్లు కొట్టాను.

"లొల్లి వెట్టకురా, ఇంక మూడు లెక్కలున్నయ్!" అని కసిరాడు సారు.

నోరు మూసుకుని మూడూ విన్నాను.