కత్తెర మామ పైన్ చెట్టు

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని కత్తెర మామ అనే పిలుస్తారు. చేతిలో కత్తెర ఎంత చురుగ్గా ఆడుతుందో నోరు అంతకంటే చురుగ్గా ఆడుతుంది. తల చేతికి చిక్కిందంటే ఊళ్లో కబుర్లన్నీ చెవిలో పోసిగానీ కుర్చీ దిగనివ్వడు. అద్దంలో చూసుకుని ఎవరైనా లబోదిబోమంటే జవాబు ఒక్కటే: "జుట్టే కదా నాయనా, మళ్లీ వస్తుంది." దుకాణం తెరిచిన నాటినుంచీ ఆ మాట వమ్ము కాలేదు.

భార్యకు పెద్ద జబ్బు చేసి, మందుల ధాటికి జుట్టు కుచ్చులుగా రాలుతుంటే తనే ఆమె తల నున్నగా గొరిగాడు. "మళ్లీ వస్తుందిలే" అన్నాడు. జుట్టు సంగతి ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆమె నమ్మింది.

ఆమె మంచానికి ఎదురుగా కిటికీ, దాని అవతల పెరట్లో పైన్ చెట్టు. పెళ్లయిన కొత్తలో ఖాళీ రంగుడబ్బాలో ఆమె పెంచిన మొక్క. కొమ్మలు కిటికీని కమ్మేశాయని ఒకరోజు, "కాస్త వెలుతురు రానివ్వండి" అంది. మామ నిచ్చెన వేశాడు. కొయ్యడం మొదలెట్టాక ఆ చెయ్యి ఊరుకుంటుందా! కిటికీ వైపు ఒక్క సూది ఆకైనా మిగలకుండా కొమ్మల్ని మొండి చేసి దిగాడు.

"అయ్యో, మరీ అంత కోశారేంటండీ?"

"చిగురేస్తుందిలే. ఇదీ జుట్టులాంటిదే."

వెయ్యలేదు. కంగారుపడి పొద్దునా సాయంత్రం బకెట్లకొద్దీ నీళ్లు పోశాడు. రెండోవైపు ఆకులు కూడా పసుపెక్కాయి. చివరికి ఒక రెమ్మ పట్టుకుని, మొక్కలమ్మే ఆవిడ దగ్గరికి పరిగెత్తాడు.

"పైన్ చెట్టుకి కొమ్మ మీద కొంచెమైనా ఆకు ఉంచి కొయ్యాలి మామా. మోడు చేస్తే ఇక చిగురు రాదు. ఆ నీళ్లు కూడా ఆపండి, వేళ్లు కుళ్లిపోతాయి" అందావిడ.

ఆ రోజునుంచి దుకాణంలో కత్తెర చప్పుడే తప్ప మామ గొంతు వినపడలేదు. చెట్టు పోయిందన్న బాధ ఒకటి. తన మాట పట్టుకునే ఆమె చేదు మందులు మింగుతోందన్న భయం ఇంకొకటి. రెండోదే ఆయన్ని తినేస్తోంది.

ఒక ఉదయం మందుగ్లాసు అందిస్తే ఆమె పక్కకు నెట్టేసింది. చూపు కిటికీ మీదే ఉంది.

"అది ఇక చిగురెయ్యదు కదూ?"

బొంకడానికి నోరు రాలేదు. "వెయ్యదు. తెలీక కోశాను" అన్నాడు.

ఆమె తలకు కట్టుకున్న గుడ్డ సవరించుకుంది. చెట్టును కోసిన నాటినుంచీ ఆ తలను ఎవరినీ తాకనివ్వలేదు.

"మరి నా సంగతి? అది కూడా తెలీకే అన్నారా?"

మామ గ్లాసు కింద పెట్టి, మెల్లగా ఆ గుడ్డ విప్పాడు. ఈసారి ఆమె అడ్డు చెప్పలేదు. ఎన్ని వేల తలలు తడిమాయో ఆ వేళ్లు, ఇప్పుడు ఈ ఒక్క తలను అంగుళం అంగుళం వెతికాయి. నడినెత్తిన ఏమీ లేదు. చెవుల వెనకా లేదు. మెడ మీదికి వచ్చేసరికి వేలికి సన్నగా, గరుకుగా ఏదో తగిలింది.

వచ్చిందే అని అరవబోయి ఆగిపోయాడు. చెబితే ఇప్పుడు నమ్ముతుందా? ఆమె చెయ్యి తీసుకుని, వేలికొసను అక్కడ ఆనించి, నోరు మూసుకుని నిలబడ్డాడు.