రెండు రిక్లైనర్ల మధ్య దూరం: గీదం నుంచి జగదల్‌పూర్‌కి ఒక సినిమా ప్రయాణం

ముందే చెప్పేస్తాను, పెద్ద తెర హాళ్ళని ఎగతాళి చేసేవాళ్ళలో నేను లేను. విశాఖలో మా ఇంటికి దగ్గర్లోనే అలాంటి హాలొకటి ఉంది. మామూలు టికెట్‌కి రెండింతలు పైన పెడితే కాళ్ళు చాపుకునే సీటు, కప్పుకోవడానికి దుప్పటి, గుండెల్లో మోగే శబ్దం దొరుకుతాయి. ఫోన్లో సినిమా చూసేసి "కథ ముఖ్యం కదండీ" అనేవాళ్ళతో నాకు అస్సలు పడదు. కానీ ఈమధ్య ఒక మంచి సినిమాకి ఒక్కదాన్నే వెళ్ళాను. ఒకచోట కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలవాటుగా పక్కకి తిరిగి చూశాను. పక్క సీటు చెయ్యి చాపినా అందనంత దూరంలో ఉంది, అందులో ఎవరో దుప్పటి గెడ్డం దాకా లాక్కుని పడుకుని ఉన్నారు. ఇంటికొచ్చాక కూడా ఆ పక్క సీటే మనసులో మెదిలింది. నాకు బుద్రి కావాలనిపించింది.

బుద్రి ఎవరో చెప్పాలి. మా నాన్న రైల్వేలో పనిచేసేవాడు. మాది శ్రీకాకుళం వైపు, నేను పుట్టి పెరిగింది మాత్రం బస్తర్ కొండల్లోని కిరందుల్ రైల్వే క్వార్టర్లలో. బుద్రి వాళ్ళమ్మ కొండ దిగి ఆకుకూరలు, విస్తరాకులు తెచ్చి మా లైన్లో అమ్మేది. ఆమె వెంట వచ్చే బుద్రికీ నాకూ ఒకటే వయసు. దాని దగ్గర నేను గోండి నేర్చుకున్నాను, మా వంటింట్లో అది తెలుగు నేర్చుకుంది. అప్పుడప్పుడు కాలనీ మైదానంలో రెండు గుంజల మధ్య తెల్లగుడ్డ కట్టి తెలుగు సినిమా వేసేవాళ్ళు. ముందువైపు చాపలు, కుర్చీలు వేసుకుని రైల్వే కుటుంబాలు. గుడ్డకి వెనకవైపు, నేల మీద, కొండ ఊళ్ళ నుంచి వచ్చిన జనం. బొమ్మ అటువైపు కూడా కనిపిస్తుంది, కాకపోతే అంతా తిరగబడి ఉంటుంది. హీరో ఎడమచేత్తో కొడతాడు, పేర్లు కుడి నుంచి ఎడమకి పోతాయి. నేను వెళ్ళి బుద్రి పక్కన, వెనకవైపే కూర్చునేదాన్ని. తెలుగు డైలాగులన్నీ దాని చెవిలో గోండిలో చెప్పేదాన్ని. కాసేపటికి చుట్టుపక్కలవాళ్ళు కూడా దగ్గరికి జరిగేవాళ్ళు. "వెనక్కెళ్ళి ఏటి సూస్తావే, అచ్చరాలన్నీ తిరగబడిపోయి ఉంటాయి" అని మా అమ్మ కేకలేసేది. నాకు అక్షరాలతో పనేముంది, బుద్రి భుజం నా భుజానికి ఆనుకుని ఉండేది.

నేను పదో తరగతి పూర్తిచేసేసరికి నాన్నకి బదిలీ అయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా మాకు ఒకరి సంగతి ఒకరికి తెలియదు. చిన్నప్పుడు సెలవులకి మా ఇంటికొచ్చి బుద్రితో ఆడుకున్న మా చిన్నాన్న కొడుకు ఇప్పుడు కిరందుల్ పక్కనే బచేలీలో ఉద్యోగం చేస్తున్నాడు, వాడే గీదం సంతలో ఆమెని గుర్తుపట్టి ఫోన్ కలిపాడు. ఇప్పుడు బుద్రి గీదంలో రోడ్డు పక్కన చిన్న భోజనాల హోటల్ నడుపుతోంది. నా గోండి పోయింది, దాని తెలుగూ పోయుంటుందనుకున్నాను, ఫోన్లో హిందీలోనే మాట్లాడుకుంటాం. పిల్లలెలా ఉన్నారు, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి అని అయిదు నిమిషాలు గడిచాక ఇద్దరికీ మాటలుండవు. అది నన్ను బాగా బాధపెట్టేది. జగదల్‌పూర్‌లో ఒక హాల్లో కొత్తగా రిక్లైనర్లు, త్రీడీ తెర పెట్టారని తెలిసినప్పుడు నాకొక ఆశ కలిగింది. మా ఇద్దరికీ ఊసులు పుట్టించింది సినిమాయే కాబట్టి, మంచి హాల్లో, మంచి సీట్లో దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటే పాత చనువు తిరిగొస్తుందేమో అనుకున్నాను.

విశాఖ నుంచి కిరందుల్ ప్యాసింజరు పొద్దున్నే బయల్దేరుతుంది. కూర్చుని వెళ్ళే టికెట్ రెండు వందల లోపే. అరకు దాకా కిటికీ కోసం కొట్టుకుంటారు, ఆ తర్వాత పెట్టె ఖాళీ అయిపోతుంది, బస్తర్ అడవుల్ని పడుకుని చూడొచ్చు. ఒక్కోసారి ఈ బండిని దంతేవాడలోనే ఆపేస్తారు, కాబట్టి కిరందుల్ వెళ్ళేవాళ్ళు ముందుగా కనుక్కోండి. నేను చీకటి పడే వేళకి గీదంలో దిగాను. ఆటో డ్రైవరు నా హిందీ రెండు ముక్కలు వినగానే తెలుగులోకి దిగిపోయాడు.

"మాది తర్లగూడ అక్కా. సరిహద్దు దాటితే తెలంగాణనే. మీరేంది, పనిమీద వచ్చిండ్రా?"

"స్నేహితురాల్ని సినిమాకి తీసుకెళ్దామని, జగదల్‌పూర్."

అతను అద్దంలోంచి నన్నొకసారి చూశాడు. "సినిమా సూడనీకి వైజాగ్ కెల్లి బస్తర్ వచ్చిండ్రా? మీ తాన హాళ్ళు లేవా?"

"ఉన్నాయి, చాలా పెద్దవే ఉన్నాయి" అన్నాను.

"మరి ఏంది?" అన్నాడు. నేను కిరాయి ఎంతని అడిగాను.

బుద్రిని చూడగానే గుర్తుపట్టాను. నవ్వితే కుడి బుగ్గ మాత్రమే పైకి లేస్తుంది, అది మారలేదు. ఇద్దరం చేతులు పట్టుకుని నిలబడ్డాం. వాళ్ళ అత్తగారికి మోకాళ్ళు వంగవు, అరుగు మీద కూర్చునే ఉంటుంది. ఆవిడ గోండిలో నన్నేదో అడిగింది. నోరు తెరిచాను, ఒక్క ముక్క రాలేదు. ఎప్పుడో మర్చిపోయానని తెలుసు, అయినా ఆ ఇంట్లో నిలబడితే దానంతటదే వస్తుందని పిచ్చి నమ్మకం ఉండేది. బుద్రి నా తరఫున ఏదో చెప్పి లోపలికి తీసుకెళ్ళింది.

మర్నాడు పొద్దున హోటల్ పని తోడికోడలికి అప్పగించి నాతో బయల్దేరింది. గీదం నుంచి జగదల్‌పూర్‌కి బస్సులు తరచుగానే ఉంటాయి, వంద రూపాయలకి కాస్త అటూ ఇటూగా తీసుకుంటారు, రెండు గంటల దారి. బస్తానార్ దగ్గర ఘాట్ వస్తుంది, కడుపులో తిప్పేవాళ్ళు ముందు సీట్లలో కూర్చోవడం మంచిది. ఇప్పపూల కాలం కావడంతో కిటికీలోంచి తియ్యటి మత్తు వాసన లోపలికి కొడుతోంది. చెట్ల కింద బుట్టలతో ఆడవాళ్ళు పూలు ఏరుకుంటున్నారు. బుద్రి కొత్త చీర కట్టుకుంది, కొంగుని పదేపదే సర్దుకుంటోంది. నేను పేపర్లో చదివిన సినిమా కథ చెబుదామని మొదలుపెట్టి ఆపేశాను. కథ ముందే చెప్పేస్తే ఇక హాల్లో చెప్పడానికి ఏముంటుంది?

హాలు నిజంగా బాగుంది. మధ్యాహ్నం ఆట, రిక్లైనర్ ఒక్కోటి నాలుగు వందల చిల్లర, త్రీడీ కళ్ళద్దాలకి వేరే. చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది. బుద్రి సీటు పక్కనున్న మీట నొక్కింది. సీటు మెల్లగా వెనక్కి వాలి కాళ్ళని పైకి లేపింది. బుద్రి అలాగే పడుకుని కప్పుకేసి చూసి, "ఆస్పత్రి మంచంలా ఉంది, కానీ సుఖంగానే ఉంది" అంది. మా ఇద్దరి మధ్య గ్లాసు పెట్టుకునే గుంట, తినుబండారాలకి బల్ల ఉన్న ఒక వెడల్పాటి దిమ్మ ఉంది. దాని మీదుగా వంగినా నా మోచెయ్యి బుద్రి మోచేతికి అందలేదు.

తెలుగు సినిమాయే, హిందీ డబ్బింగు. గోదావరి లాంటి ఒక నది, పడవ నడిపే అన్నాతమ్ముళ్ళు, పెద్ద వరద. వరద మొదలయ్యాక నీళ్ళు తెరలోంచి మా ఒళ్ళోకి దూకాయి. సీటు కింద నుంచి ఉరుము మోగింది. ఇంత ఖర్చు ఎందుకు పెడతారో ఆ పావుగంట చూస్తే తెలుస్తుంది. నేను మాత్రం బుద్రి ముఖం చూడాలనుకున్నాను. నల్లద్దాల వెనక దాని కళ్ళు కనపడలేదు. తమ్ముడు పడవ తాడు కోసినప్పుడు ఆగలేక దిమ్మ మీదుగా బాగా వంగి, "వాడికి అన్న అంటే కోపం కాదు, భయం" అన్నాను. శబ్దంలో నా మాట కొట్టుకుపోయింది. బుద్రి అద్దాలు పైకెత్తి "ఏమిటీ?" అంది. మళ్ళీ చెప్పాను. వెనక నుంచి ఎవరో "జరా చుప్" అన్నారు.

"నాకు అర్థమవుతోంది కుమారీ. హిందీయే కదా" అంది బుద్రి మెల్లగా. తిరిగి అద్దాలు పెట్టుకుంది.

తను విసుక్కోలేదు. నేను శ్రమ పడక్కర్లేదని చెప్పింది, అంతే. స్నేహితురాలికి సినిమా అంతా తెలుస్తోందంటే సంతోషించాలి. నాకు ఏడుపొచ్చింది. దాని చెవికి నా నోటితో పని లేకుండా పోయిందన్నది నేనంతవరకూ ఊహించనేలేదు.

విశ్రాంతిలో బయటికొచ్చాం. పాప్‌కార్న్ ధర విని బుద్రి నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. టార్చితో సీట్లు చూపించే పెద్దాయన గోడకి ఆనుకుని నిలబడి ఉంటే ఆయన్ని అడిగింది, "భయ్యా, తెర వెనకాల ఏముంటుంది?"

"గోడ. స్పీకర్లు."

"మనుషులు కూర్చోరా?"

ఆయన నవ్వాడు. బుద్రి నవ్వలేదు. నేను కూడా నవ్వలేదు. ఆ ప్రశ్న ఆయనకి వింతగా అనిపించి ఉంటుంది. నాకు మాత్రం, ఇంత దూరం వచ్చినందుకు ఆ ఒక్క మాట దొరికింది చాలు అనిపించింది. అంతలోనే బెల్లు కొట్టారు.

అన్న వరదలో చనిపోవడంతో సినిమా అయిపోయింది. తిరుగు బస్సులో బుద్రి కళ్ళు మూసుకుని కూర్చుంది. అలిసిపోయిందనుకున్నాను. "నచ్చిందా?" అంటే తలూపింది. "ఆలోచించుకుంటున్నాను, మాట్లాడించకు" అంది. రెండు గంటలూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మర్నాటి బండికే టికెట్ ఉంది. పిల్లల గురించీ మోకాళ్ళ గురించీ ఫోన్లో మాట్లాడుకోవడమే ఇక మాకు మిగిలింది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

గీదం చేరేసరికి ఇంకా వెలుగుంది. వాళ్ళ అరుగు మీద అత్తగారు, తోడికోడలు, పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు చింతపండు గుట్టగా పోసుకుని గింజలు తీస్తున్నారు. మా కోసమే కాచుకుని ఉన్నారని తర్వాత తెలిసింది. సినిమాకి వెళ్ళొచ్చినవాళ్ళు వెళ్ళలేనివాళ్ళకి దాన్ని మొత్తం చెప్పాలి. వాళ్ళింట్లో అది మర్యాద, కాళ్ళు కడుక్కోగానే కూర్చోవాలి. బస్సులో బుద్రి కళ్ళు మూసుకుని చేసింది ఆ పనే, సినిమాని మనసులో వరసగా పేర్చుకుంటోంది.

గోండిలో మొదలుపెట్టింది. నీళ్ళు, పడవ, అన్న అనే మాటలు పట్టుకోగలిగాను, అక్కడితో నా గోండి అయిపోయింది. బుద్రి చెయ్యెత్తితే వరద లేచింది, గొంతు తగ్గిస్తే తమ్ముడు దొంగలా నడిచాడు. అన్నట్టు, తాడు కోసే కత్తిని ఎడమచేత్తో పట్టుకుంది. దేనికో అందరూ పడీపడీ నవ్వారు. నాకు తెలియలేదు. నేను చూసిన సినిమాయే, మధ్యాహ్నం నేను టికెట్ కొన్న సినిమాయే, అందులో నాకు చోటు లేకపోయింది. తలవంచుకుని చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను.

అప్పుడు బుద్రి కథ ఆపకుండానే నా వైపు జరిగింది. భుజం వచ్చి నా భుజానికి ఆనింది. వాళ్ళు నవ్వుకునే సందులో నా చెవి దగ్గర నోరు పెట్టి తెలుగులో అంది:

"తమ్ముడొచ్చీసినాడు. అన్న సూడనేదు. మా ముసల్ది వాడ్ని తిట్టింది, అందికే నవ్వినారు."

అది మా అమ్మ మాట. మా వంటింట్లో నేర్చుకున్న మాటని ముప్పై ఏళ్ళు అది అలాగే ఉంచుకుంది. అమ్మ పోయాక మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడడం లేదు, నేనైతే నగరం తెలుగులో పడి ఎప్పుడో వదిలేశాను. రెండు మాటలు గోండిలో వాళ్ళకి, ఒక మాట నా చెవిలో, అలా కథంతా నడిపించింది. చివరికొచ్చాక అత్తగారు చింతపండు పక్కన పెట్టేసి ముందుకు వంగింది. బుద్రి నా చెవిలో అంది:

"అన్న సచ్చిపోనాడు. ఈలకి సెప్పను. ముసల్దానికి నిద్దరట్టదు."

పైకి గోండిలో మాత్రం ఆ అన్నని ఒడ్డుకి చేర్చేసింది. ముసలావిడ "హా" అని ఊపిరి వదిలి మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. బుద్రి నాకేసి చూసి కుడి బుగ్గతో నవ్వింది. హాల్లో దిగమింగుకున్న కన్నీళ్ళు నాకు అక్కడ వచ్చాయి, ఆపుకోలేదు కూడా. భోజనాల దాకా అరుగు మీదే కూర్చుని మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను.

ఖరీదైన హాళ్ళ వల్ల సినిమా చూడడం మెరుగైందా అని ఎవరైనా అడిగితే మెరుగైందనే అంటాను. ఆ వరద నేను వేరే ఎక్కడా అలా చూడలేను. కానీ ఆ సీట్లు ఒక్కొక్క మనిషిని ఎంత సుఖపెట్టాలో బాగా ఆలోచించి చేసినవి, ఇద్దరు కలిసొస్తే ఏం చెయ్యాలన్నది వాటిలో ఎక్కడా లేదు. విశాఖ తిరిగొచ్చి నెల దాటింది. బుద్రితో ఫోన్లో ఇప్పుడు సినిమా కథలు చెప్పుకుంటున్నాం, అయినా చెవి దగ్గర ఊపిరి ఫోన్లో తగలదు. జగదల్‌పూర్‌లో సినిమా చూసే ఉద్దేశముంటే నా సలహా ఒకటే. మధ్యాహ్నం ఆటకి వెళ్ళండి, సాయంత్రం దాటితే గీదం బస్సులు తగ్గిపోతాయి. రిక్లైనర్లకి ముందు నాలుగు వరసలు మామూలు సీట్లున్నాయి, సగం ధరకే వస్తాయి, తెరా శబ్దమూ అవే, చేతుల మధ్య సన్నటి కమ్మీ తప్ప ఇంకేం లేదు. తోడు ఉన్నవాళ్ళు అవి తీసుకోండి. ఒక్కరే వెళ్తే రిక్లైనర్ తీసుకోండి. విశాఖలో నేను ఇంకా అదే తీసుకుంటున్నాను.