గోడ మీదుగా వచ్చిన మాటలు

మా పక్కింటి అవ్వ పోయిన నెల నిద్రలోనే కన్నుమూసింది. తెల్లారినా జొన్నరొట్టె తట్టే చప్పుడు వినిపించలేదని మా అమ్మ గోడ మీదుగా పిలిచింది. కోడలు లోపలికి వెళ్లి చూసి కేక పెట్టింది. మా ఊరు కప్పగల్లులో మా వీధి మేలుకునేది ఆ రొట్టెల చప్పుడుకే.

నేను బళ్లారి కాలేజీలో చదువుతున్నాను. ముసలితనంలో ఒంటి సత్తువ, జ్ఞాపకం రెండూ కలిసి ఎలా సన్నగిల్లుతాయో మా మేడం పరిశోధిస్తున్నారు. అవ్వ పోకముందు, మా ఊరి పెద్దవాళ్లను పరీక్షించే పని నాకిచ్చారు. పిడికిలి బలం కొలిచే పరికరం చేతిలో పెడితే అవ్వ నవ్వింది.

"దీన్ని పిండితే పాలొస్తాయేంది పాపా?"

తర్వాత మూడు మాటలు చెప్పి, కాసేపాగి అడగాలి. కిటికీ, గొడుగు, బెల్లం అన్నాను. అడిగేసరికి అవ్వకు ఒక్కటీ గుర్తు రాలేదు. ముఖంలో నవ్వు పోయింది.

"నా కొడుక్కి చెప్పొద్దు పాపా. మరుపొచ్చిందంటే నన్ను పొయ్యి ముట్టించనియ్యడు. యశ్వంతనగర్ కూతురింటికి పంపిస్తానంటాండాడు. ఆడ నాకేం పని? సుమ్నే, ఉత్తగా కూర్చోవాల."

"ఎవరికీ చెప్పనవ్వా."

"నీ మాటలు నాకాడ బదులుండాయిలే. ఇచ్చేస్తా."

మా రెండిళ్ల నడిమి గోడ మీద ఉప్పు, మజ్జిగ ఎప్పుడూ అటూ ఇటూ నడిచేవి. అవ్వ ఏనాడూ ఉత్త గిన్నె తిరిగిచ్చింది లేదు. వంకాయో, గుప్పెడు పచ్చిమిరపకాయలో వేసేది. మాటలనూ అలాగే ఇచ్చింది. ఆ సాయంత్రమే గోడ అవతల నుంచి కేక.

"పాపా, కిటికీ! మా పుట్టింట్లో ఒక్కటీ ల్యాకుండె. పొగకు మాయమ్మ కండ్లు పాడాయె."

మరి రెండు రోజులకు ఇంకొకటి.

"గొడుగు! పెండ్లినాడు అందరూ మా ఆయప్పకే పట్టిరి. నేను నానిపోతి."

ఆలస్యంగా వచ్చిన మాటకు మా పరీక్షలో లెక్క లేదు. కానీ అప్పటి నుంచి ఏ మాట విన్నా, దాని వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది నాకు.

మూడోది మాత్రం రాలేదు. "నాలిక మిందే ఉండాది, నువ్వు చెప్పొద్దు" అనేది. నేను చెప్పలేదు. మరుపు సంగతి తెలియక కొడుకు ఆమెను ఎక్కడికీ పంపలేదు. చివరి రోజు దాకా తన పొయ్యి తానే ముట్టించింది.

దినాలు అయ్యాక కోడలు మా గిన్నె తెచ్చి గోడ మీద పెట్టింది.

"మీదే కదక్కా, అత్త కాడ ఉండిపోయె. ఉత్తది ఇచ్చేకి మనసు రాల్యా. చేతికి ఇదే దొరికె" అంది మా అమ్మతో.

గిన్నెలో బెల్లం గడ్డ.

ఆ మూడు మాటల సంగతి కోడలికి తెలియదు. ఎవరికీ చెప్పనన్నాను కదా, చెప్పలేదు. గిన్నె తీయడానికి చేయి రాలేదు. పొద్దున చూస్తే, అవ్వ పొయ్యి ఉన్న వైపు నుంచి చీమలు బారు కట్టి గోడ ఎక్కుతున్నాయి.