పొత్తు పాతరకు నేను పెట్టిన చిల్లి

పొడి గోతం కన్నా తడిసిన గోతం బరువు. బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ బరువు నాకు బాగా తెలుసు. అలాంటిదొకటి ఇన్నేళ్లుగా లోపల మోస్తున్నాను. దించుకోవడానికి చోటు దొరక్క కాదు. దించితే ఎవరు చూస్తారో, చూసి ఎవరికి చెబుతారో అని.

మీకు చెప్పడానికి కూడా నాకు అనుమానమే. మీరెవరో నాకు తెలియదు. చదివి నవ్వుకుంటారేమో, లేదా మా ఊరివాళ్లెవరికో చూపించి "ఇది ఎవరై ఉంటారు?" అని ఆరా తీస్తారేమో. అందుకే నా పేరు చెప్పడం లేదు. పేరు చెప్పని ఒప్పుకోలు ఎంత మాత్రం ఒప్పుకోలు? ఆ ప్రశ్న కూడా వేసుకున్నాను. జవాబు నాకు నచ్చలేదు.

మాది నంద్యాల. కాటా దగ్గర పని అంటే, వచ్చిన ప్రతి గోతమూ అబద్ధమే అనుకుని మొదలుపెట్టడం. పైన మంచి గింజ ఉంటుంది, అడుగున తాలు ఉంటుంది. మా దగ్గర మొన కోసుగా ఉండే ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది. గోతంలో పొడిచి లాగితే లోపలి గింజలు గొట్టంలోకి వస్తాయి. వాటిని పంటి కింద పెట్టి కొరికితే తేమ ఎంతుందో తెలిసిపోతుంది. ఈ పని చేసీ చేసీ మనుషుల్ని కూడా అలాగే చూడటం అలవాటైంది. అనుమానం పెనుభూతం అంటారు పెద్దలు. నాకది భూతం కాదు, బతుకుదెరువు.

నాకు స్నేహితులు ఇద్దరే. డిగ్రీలో కలిశాం. ఓబులేసుది ఆళ్లగడ్డ పక్కన పల్లె, తరాలుగా సేద్యం చేసుకునే కుటుంబం. రెండోవాడు అహోబిలంలో గుడి వంటశాలలో పనిచేసే ఇంటి పిల్లవాడు, అతణ్ణి మేం స్వామీ అనే పిలిచేవాళ్లం. లాక్‌డౌన్ రోజుల్లో మిల్లు మూతపడింది, గుడి మూతపడింది. ఓబులేసు పండించిన టమోటాలు చేలోనే కుళ్లిపోయాయి. ముగ్గురం ఫోన్లలో మాట్లాడుకుంటూ ఒక ఆలోచనకు వచ్చాం. అంగడి మొహం చూడకుండా ఒక ఏడాది అడవిలో బతకాలి. ఉప్పు తప్ప ఏదీ కొనకూడదు. అప్పటికి ముగ్గురికీ పెళ్లి కాలేదు, అడిగేవాళ్లూ లేరు.

అడవి లోపల ఉండటానికి ఫారెస్టు వాళ్లు ఒప్పుకోరు. ఓబులేసు మేనమామది నల్లమల అంచున, కొండ మలుపులో ఒక మెట్ట చేను ఉంది. ఆయన ఎప్పుడో వదిలేశాడు. అక్కడ కరెంటు లేదు, సిగ్నల్ లేదు. వానలు పడితే వాగు పొంగి దారి మూసుకుపోతుంది. ఎలుగుబంట్లు తిరుగుతాయి. వానలు తగ్గాక అక్కడికి చేరాలని, ఈలోపు గుడిసె వేసి, తొలి ఏడాదికి సరిపడా జొన్నలు దాచిపెట్టాలని అనుకున్నాం.

మొదటి రోజు నుంచే నాకు అనుమానం. ఓబులేసు మేనమామ చేను మాతో ఊరికే బాగుచేయించుకుంటున్నాడేమో. స్వామి మొదటి ఎలుగుబంటిని చూడగానే గుడికి పరిగెడతాడేమో. ఇవన్నీ మనసులో పెట్టుకుని, పైకి మాత్రం అందరికంటే ఎక్కువ ఉత్సాహం చూపించాను. నన్ను అనుమానించేవాడు ఎవడూ లేడు కదా.

జొన్నలు గుడిసెలో పెడితే ఎలుకలు, పందులు మిగల్చవు. పాతర వేద్దామన్నాడు ఓబులేసు. పాతర అంటే తెలుసు కదా, గింజలు దాచే గొయ్యి. మా దిక్కున ఒకప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు. ఓబులేసు వాళ్ల నాయనను పాతరలు వేయడానికి చుట్టుపక్కల పల్లెల వాళ్లు పిలుచుకుపోయేవాళ్లట. ఆయన చేత్తో మూసిన పాతరలో గింజ చెడిందన్న మాట లేదని చెప్పుకునేవారు. ఆ పని ఓబులేసు నేర్చుకున్నాడు కానీ చేసే అవకాశం రాలేదు. ఇదే మొదటిది. వాళ్ల నాయన చేతివాసి తనకు కూడా వచ్చిందో లేదో ఊరికి చూపించుకోవాలని వాడికి ఎంత ఆశో! అడవిలో ఏడాది బతకడం కన్నా వాడికి అదే ముఖ్యం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఎర్ర గరుసు నేల మీద గొయ్యి తవ్వాం. గోడలకు మట్టి, పేడ కలిపి మెత్తి, లోపల మంట పెట్టి ఆరబెట్టాం. అడుగున, చుట్టూ ఎండిన జొన్న కాడల సొప్ప పేర్చాం. ముగ్గురం తలా కొంత జొన్నలు తెచ్చాం. పొత్తులో వేసిన పాతరకు ఒక కట్టుబాటు ఉంది. మూసేటప్పుడు ఒక్కడి చెయ్యే మూయాలి. మూశాక పొత్తుదారులందరూ దగ్గర ఉంటేనే తెరవాలి. అప్పటిదాకా దాని మీద కట్టె కూడా మోపకూడదని ఓబులేసు మాకు మళ్లీ మళ్లీ చెప్పాడు.

మూసే రోజు నేను అక్కడ లేను. మిల్లు మళ్లీ తెరిచారు, పిలిస్తే పోయాను. తిరిగి వచ్చేసరికి పాతర మూసి, పైన మట్టి దిబ్బ పోసేసి ఉంది. మబ్బు పట్టిందని ఆగలేదట. మబ్బు పట్టిన మాట నిజమే. కానీ నేను వచ్చేదాకా ఒక్క పూట ఆగలేరా? దారి పొడుగునా అక్కడక్కడా జొన్నలు రాలి ఉన్నాయి. దారిలో టీ అంగడి ఆయన, మీ ఓబులేసు బండి మీద గోతాలు వేసుకుని ఆళ్లగడ్డ పక్క పోయాడని చెప్పాడు. మా జొన్నలు అమ్ముకోవడానికే పోయాడనుకున్నాను. అవి ఖాళీ గోతాలు. అరువు తెచ్చినవి తిరిగి ఇవ్వడానికి పోయాడు. నోరు తెరిచి ఒక్క మాట అడిగి ఉంటే అప్పుడే తెలిసేది. అడగలేదు. అడిగితే నిజం చెబుతాడన్న నమ్మకం లేదు నాకు. గోతాన్ని ఎవరైనా నోటితో అడుగుతారా?

కొన్నాళ్లకు, వాళ్లిద్దరూ అక్కడ లేని రోజు చూసుకుని, మిల్లు నుంచి అన్నిటికన్నా పొడుగాటి గొట్టం తీసుకుని ఒక్కణ్ణే పోయాను. పట్టపగలు. దిబ్బ మీద ఎక్కి గొట్టం దింపాను. మట్టి దాటి, సొప్ప దాటి, గింజల్లోకి దిగుతుంటే ఆ తేడా చేతికి తెలుస్తూనే ఉంది. లాగాను. నిండా జొన్నలే. కొరికితే పటుక్కుమన్నాయి. పాతర అంచుదాకా నిండి ఉంది. ఒక్క గింజ పోలేదు.

అక్కడితో ఊరుకోవాలి కదా? ఊరుకోలేదు. పైన మంచివి పోసి అడుగున తాలు పోసి ఉంటాడని ఇంకోచోట, ఇంకా లోతుగా పొడిచాను. అక్కడా మంచి జొన్నలే వచ్చాయి. అప్పుడు నాకు సిగ్గు వేసిందని రాస్తే బాగుంటుంది. కానీ వేయలేదు. కాస్త నిరాశపడ్డాను. ఇది రాయడానికి చాలా కష్టంగా ఉంది. స్నేహితుడు దొంగ కాదని తేలితే మనిషన్నవాడు నిరాశపడతాడా?

చిల్లులు పూడ్చాలి. పాతర మీద మట్టి ఎలా మెత్తాలో ఓబులేసు మాకు ముందే చెప్పి ఉన్నాడు. సన్నగా తరిగిన గడ్డి కలిపి తొక్కి, ఒక పూత ఆరాక ఇంకో పూత వేయాలి. దగ్గర్లో ఎక్కడో గొర్రెలవాళ్ల కేక వినిపించింది. నేను సీసాలో నీళ్లు కాస్త మట్టిలో పోసి, ముద్ద చేసి, చిల్లుల్లో కుక్కి, కాలితో తొక్కి వచ్చేశాను. పచ్చి మట్టి ఆరితే కుంచించుకుపోతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వాగు తగ్గాక ముగ్గురం సామాను తీసుకుని పోయాం. ఓబులేసు వాళ్ల నాయన కూడా వచ్చాడు. కొడుకు వేసిన మొదటి పాతర తెరుస్తుంటే చూడాలని ఆ ముసలాయన మా వెంట అంత దూరం నడిచాడు. టెంకాయ కొట్టి మట్టి తీశారు. లోపల చెడ్డ గాలి ఉంటుందని ముందు దీపం దింపుతారు. దీపం ఆరిపోయింది. తర్వాత వాసన వచ్చింది. ఎంతోసేపు గాలి ఆడనిచ్చాక ఓబులేసు లోపలికి దిగి పిడికిలి నిండా తీసి పైకి చూపించాడు. నల్లగా, ముద్దలుగా ఉన్నాయి. కొన్ని మొలకెత్తి కుళ్లిపోయాయి.

ముసలాయన గొయ్యి అంచున బోర్లా పడుకుని చాలాసేపు లోపలికి చూశాడు. తడి అంతటా దిగలేదని, పైనుంచి ఒకటి రెండు చోట్ల దిగి అక్కడి నుంచి పాకిందని ఆయనకు అర్థమైంది. లేచి, మోకాళ్లు దులుపుకుని, మా ముగ్గురినీ చూశాడు.

"ఎవురన్నా దీన్ని ముట్టినారా అప్పా? ఉన్నమాట చెప్పండి."

ఓబులేసు లేదన్నాడు. స్వామి లేదన్నాడు. ఆయన చూపు నా మీద ఆగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబులోకి పోయింది. జేబులో ఏమీ లేదు.

"ఎవురూ ముట్టలేదు నాయనా," అన్నాను. "మూసింది మూసినట్టే ఉండాది."

ఆయన తలాడించాడు. కొడుకు వైపు తిరిగాడు.

"అట్లయితే నీ చెయ్యే. యాడనో మట్టి పలచన పెట్టినావు. ఈ పని నీకు అచ్చిరాదు, ఇడిసిపెట్టు."

అంతే అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. స్వామి మాత్రం చాలా అన్నాడు. ఒక పనీ సరిగా రానివాడితో అడవికి బయల్దేరడం తమ తప్పని, పస్తులుండి చావమంటావా అని అన్నాడు. ఓబులేసు చేతిలో ముద్దను నలుపుతూ, తాను ఎక్కడ పలచన పెట్టాడో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. ఆ మొహం నేను చూశాను. పక్కనే నిలబడి చూశాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

ఎందుకు చెప్పలేదు? భయమని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు ఆ జవాబు మీద కూడా అనుమానమే. తిరిగి నంద్యాల వస్తుంటే లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఇక అడవికి పోనక్కర్లేదు. నాకు మొదటి నుంచీ అక్కడికి పోవడం ఇష్టం లేదేమో, పోలేనని ఒప్పుకునే మొహం లేక, ఆ గొట్టం వంకతో అంతా చెడగొట్టుకున్నానేమో. తెలియదు. నాలోకి దింపి చూసుకోవడానికి గొట్టం ఏదీ లేదు నా దగ్గర.

జొన్నలు మళ్లీ తెచ్చుకోవచ్చు. నేను పాడుచేసింది జొన్నలను కాదు, ఓబులేసు చేతిని. వాడు ఆ తర్వాత విత్తనం పట్టలేదు. సొంత చేలో కూడా విత్తే గొర్రు పట్టడానికి వేరేవాళ్లను పిలిచేవాడు. తనది అచ్చిరాని చెయ్యి అని తనే చెప్పేవాడు, నవ్వుతూ. చివరికి చేను కౌలుకు ఇచ్చేసి ఆళ్లగడ్డలో మోటార్ల రిపేరు అంగడి పెట్టుకున్నాడు. స్వామి వాడితో మాట్లాడటం మానేశాడు. నేను మాత్రం పండక్కీ పబ్బానికీ పోయి పలకరించేవాణ్ణి. ప్రేమతో పోయానని అనుకోకండి. వాడికి ఏమైనా తెలిసిందా అని చూడటానికి పోయేవాణ్ణి. వాడు టీ తెప్పిస్తే, ఎందుకు తెప్పించాడు అనుకునేవాణ్ణి. తెప్పించకపోతే, తెలిసిపోయింది అనుకునేవాణ్ణి.

ఈమధ్య వాళ్ల నాయన పోయాడు. పెద్దకర్మ రోజు పోయాను. భోజనాలయ్యాక ఓబులేసు నా పక్కన కూర్చున్నాడు. చివరి రోజుల్లో నాయన ఆ పాతర మాటే ఎత్తేవాడని, ఆ తడి దిగిన తీరు చూస్తే ఎవరో పొడిచినట్టే ఉందని అనేవాడని చెప్పాడు. మళ్లీ తనే, కాటా కాడ పనిచేసే పిల్లోడు ముట్టలేదని చెప్పినాడు కదా, తూకం పట్టేవాడు అబద్ధం ఆడడు అని సర్దుకునేవాడట. ఓబులేసు ఇది నన్ను మెచ్చుకోవడానికి చెబుతున్నాడో, పట్టుకోవడానికి చెబుతున్నాడో నాకు అంతుపట్టలేదు. మొహం చూశాను. ఏమీ దొరకలేదు. నాయన పోయిన దుఃఖం తప్ప ఆ మొహంలో ఇంకేమీ లేదు.

ఆ రోజు కూడా చెప్పకుండా వచ్చేశాను. పోయిన ఆదివారం మళ్లీ ఆళ్లగడ్డ పోయాను. అంగడిలో ఎవరూ లేరు. వాడు మోటారు విప్పుకుని కింద కూర్చుని ఉన్నాడు. నేను నిలబడే చెప్పాను. గొట్టం, రెండు చిల్లులు, పచ్చి మట్టి, వాళ్ల నాయనతో ఆడిన అబద్ధం. నీ చేతిలో తప్పు లేదన్నాను. వాడు తల ఎత్తకుండా విన్నాడు. గ్రీజు అంటిన చేతులు రెండూ ముందుకు చాపి కాసేపు చూసుకున్నాడు. తిడితే బాగుండును, కొడితే ఇంకా బాగుండును అనుకుంటూ నిలబడ్డాను.

"నాయన బతికున్నన్ని దినాలు యాడికి పోయింటివప్పా నువ్వు?" అన్నాడు.

వాడు కూర్చోమనలేదు, పొమ్మనలేదు. మోటారు వైపు తిరిగాడు. కొంతసేపు చూసి నేనే వచ్చేశాను.

వాడి ఫోన్ వస్తుందని నేను ఎదురుచూడటం లేదు. స్వామికి కూడా రేపో ఎల్లుండో అహోబిలం పోయి చెప్పాలి. ఓబులేసు నన్ను క్షమిస్తాడా లేదా అన్నది ఇక వాడి సంగతి, దాని మీద అనుమానపడే హక్కు కూడా నాకు లేదు. ఒక్కటి మాత్రం అనుమానం లేకుండా రాయగలను. ఆ పాతర మూసిన చెయ్యి మంచి చెయ్యి. చెడగొట్టింది నేను.