తూర్పు చూసిన కంప్యూటరు

ఆ రోజుల్లో కంప్యూటర్ల గురించి నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. ఇప్పుడు అదే పనికి జీతం తీసుకుంటున్నాను కాబట్టి తెలియనివి బోలెడు కనిపిస్తున్నాయి. భీమవరంలో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతూ, సెలవులకి ఆత్రేయపురం పక్కనున్న మా ఊరు వస్తే చాలు, వీధిలో ఎవరి ఫోను మొరాయించినా నాకే కబురొచ్చేది. నేను దాన్ని ఆపి, మళ్లీ ఆన్ చేసి, గంభీరంగా తల పంకించేవాణ్ణి. ఫోను బాగయ్యేది, పేరు నాకొచ్చేది.

ఆ పేరు నిలబెట్టుకోవడానికే మా ఇంటి వైఫై నేనే తయారుచేస్తానన్నాను. నెట్ పెట్టె సిగ్నలు ముందుగది దాటి, ముంగిలికి తూర్పునున్న అక్క గదిదాకా వెళ్లేది కాదు. కొట్లోంచి ఇంకో రౌటరు తెచ్చి తగిలిస్తే సరిపోయేది. (అలా తెచ్చుకునేవాడికి ఇంజినీరింగ్ ఎందుకు?) నా పాత కంప్యూటరుకి వైఫై కార్డు బిగించి, మధ్యగదిలో పెట్టి, అందులోంచే ఇల్లంతా సిగ్నలు పంచేలా చేశాను. వెనకవైపు కొమ్ముల్లా రెండు యాంటెన్నాలు. అచ్చం గంగిరెద్దులా ఉండేది, నడక కూడా దానిదే.

దాని స్థానం నిర్ణయించింది మావయ్యగారు. ఆయనది కొబ్బరికాయల వ్యాపారం, తీరిక దొరికితే వాస్తు. ముఖమున్న ప్రతి వస్తువూ తూర్పు చూడాలన్నది ఆయన సిద్ధాంతం. మా ఫ్రిజ్జు తూర్పే చూస్తుంది, టీవీ తూర్పే చూస్తుంది. ("మరి మేం పడమర తిరిగి కూర్చుంటున్నాం కదా" అంటే, "మీరు వస్తువులు కాదు కదరా" అన్నారు.) అలా నా కంప్యూటరు కూడా, లైట్లున్న ముఖం తూర్పుకి పెట్టి, పడమటి గోడనున్న ఇనుప బీరువాకి వీపు ఆనించి, స్టూలెక్కి కూర్చుంది.

ఇంతలో అక్కకి ఇంటినుంచే చేసే ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ వచ్చింది. రెండో ప్రశ్న దగ్గర అక్క బొమ్మ నోరు తెరుచుకుని ఆగిపోయింది. పాపం వాళ్లు మర్యాదస్తులు, పదిహేను రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నారు. అక్క అంత మర్యాదస్తురాలు కాదు.

"ఒరేయ్, ఈసారి గానీ ఆగిందా, నిన్నూ నీ డబ్బానీ కలిపి కాలవలో తోసేస్తాను."

"డబ్బా ఏం చేసిందే?" అన్నాను, నా గురించి వాదించే ధైర్యం లేక.

ఆ పదిహేను రోజులూ నేను చెయ్యని వైద్యం లేదు. డ్రైవర్లు మార్చాను. ఛానళ్లు మార్చాను. కార్డు ఊడదీసి, ఊది, మళ్లీ పెట్టాను. చివరికి పక్కింటివాళ్ల వైఫై మా గాలిని పాడుచేస్తోందని తేల్చి, వాళ్లతో మాట్లాడటం మానేశాను. అక్క ఫోనులో మాత్రం ఒక్క గీత దాటి రెండో గీత రాలేదు.

ఇంటర్వ్యూ ఉదయం పదకొండింటికి. పదిన్నరకి నేను మధ్యగదిలో, బీరువా వైపు వీపు పెట్టి, లాప్‌టాప్ ముందు కూర్చుని ఆఖరి అస్త్రం తీశాను. కార్డు మధ్యమధ్య కునుకు తియ్యకుండా ఆపే సెట్టింగు అది. దేవుణ్ణి తలుచుకుని మీట నొక్కాను. మరుక్షణం అక్క గదిలోంచి కేక.

"వచ్చిందిరా! నిండా వచ్చింది! ఏం చేశావురా?"

"అదంతా నీకర్థం కాదులే" అన్నాను, కాలరు సర్దుకుంటూ. రెండు నిమిషాలు మేధావిగా బతికాను.

"పోయిందిరా!"

తల తిప్పి చూస్తే, అమ్మ చేతిలో పట్టుచీర. ఇంటర్వ్యూకి అక్క కళగా కనబడాలని బీరువా తెరవబోయిందట, తలుపుకి అడ్డొస్తోందని నా కంప్యూటరుని స్టూలుతో సహా గది మధ్యకి లాగిందట. చీర తీసుకుని, బుద్ధిగా మళ్లీ బీరువాకి నొక్కి పెట్టేసింది.

"అమ్మా, మళ్లీ ఓసారి లాగు."

లాగింది. "వచ్చిందిరా!"

ముందు ఇనుప డబ్బా, వెనక ఇనుప బీరువా, మధ్యలో ఊపిరాడని యాంటెన్నాలు! పదిహేను రోజులూ నేను అన్నిటినీ అనుమానించాను, తూర్పుని తప్ప. కంప్యూటరుని గిర్రున తిప్పి, యాంటెన్నాలు అక్క గదివైపు ఉండేలా పెట్టేశాను. సరిగ్గా అప్పుడే మావయ్యగారు గుమ్మంలో కొబ్బరికాయల సంచి దించారు.

"ముఖం పడమరకి తిప్పేశావేంట్రా!"

"అసలు ముఖం ఇప్పుడే తూర్పుకొచ్చింది మావయ్యా. మాట్లాడేది యాంటెన్నాలు. నోరున్నదే కదా ముఖం?"

ఆయన కాసేపు దాన్ని పరీక్షగా చూశారు. "మొదట్నించీ నాకదే అనుమానం" అన్నారు.

పట్టుచీర కట్టుకుని అక్క నలభై నిమిషాలు గడగడా మాట్లాడింది. ఒక్క అక్షరం ఆగలేదు. ఉద్యోగం వచ్చింది. అమ్మ వీధంతా పూతరేకులు పంచింది (పక్కింటికి నేనే తీసుకెళ్లాల్సి వచ్చింది). "మా వాడే బాగుచేశాడండి, ఎంత బుర్రో!" అని చెప్పింది.

ఇప్పుడు నెట్‌వర్కు పనిచెయ్యడం లేదని ఎవరు ఫోను చేసినా, నా మొదటి ప్రశ్న "పెట్టె వెనకాల ఏముందండీ?" అన్నదే. పదింట ఆరుసార్లు బీరువాయో, ఫ్రిజ్జో ఉంటుంది. వాళ్లు నన్ను మేధావి అంటారు. ఆనాటి ఆ కుర్రాడిలాగే నేనూ కాదనను. బాగుచేసింది ఎవరో అమ్మకి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. చెప్పినా, నమ్మదు.